మార్కెట్ డేటా అందరికీ తెరిస్తే మన జిల్లాల చిన్న కంపెనీలు నిలబడతాయా?

హన్మకొండ_కోడర్
హన్మకొండలో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ మాది. మిర్చి ఇవాళే అమ్మాలా, ఏసీ గోదాంలో (కోల్డ్ స్టోరేజీలో) పెట్టాలా అని రైతు తేల్చుకోవడానికి సాయపడే యాప్ చేస్తున్నాం. ప్రోగ్రామ్ రాయడం పెద్ద కష్టం కాలేదు, డేటా దగ్గరే ఆగిపోయాం. ఒక మార్కెట్ యార్డులో గత ఐదేళ్ల రోజువారీ ధరలు అడిగితే స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు చేతిలో పెట్టారు. చాలా పేజీలు అడ్డంగా ఉన్నాయి. మిర్చి రకం పేరు కూడా ఒకేలా రాయరు. ఒక రోజు "తేజ" అని ఉంటుంది, మరుసటి రోజు "తేజా ఏసీ", ఆ తర్వాత ఒట్టి "మిర్చి". అవన్నీ టైప్ చేయడానికే ఒక మనిషిని పెట్టుకున్నాం. మార్కెట్ ధరల ప్రభుత్వ సైటు అగ్‌మార్క్‌నెట్‌లో కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ (ఎక్కువ సరుకు అమ్ముడైన) ధరలు దొరుకుతాయి కానీ ఆ సరుకు తేమ ఎంత, రంగు ఎలా ఉంది అనేది అందులో ఉండదు. ఇదే పని చేసే పెద్ద కంపెనీలకు ప్రతి యార్డులో సొంత మనుషులున్నారు. వాళ్లతో మేం ఎలా పోటీ పడాలి? డేటా పంచుకోవడానికి గట్టి నియమాలుంటేనే మాలాంటి వాళ్లకు దారి దొరుకుతుందని నా నమ్మకం. మీరేమంటారు?

నర్సంపేట_రైతు
తమ్ముడూ, ముందు ఒక సంగతి తేల్చు. డేటా డేటా అంటున్నావు, అది ఎవరిది? మిర్చి నాది, పెట్టుబడి నాది, సరుకు అమ్మిన లెక్క కాగితం, తక్‌పట్టీ, నా పేరు మీద ఉన్నది. దాన్ని యార్డు వాళ్లు నీకిచ్చుడేంది, నువ్వు యాప్ చేసి అమ్ముకొనుడేంది? మధ్యల నన్ను ఎవరూ అడగరా?

పరకాల_పిల్లగాడు
అడ్డం పేజీలు చూసి చూసి ఆ టైప్ చేసే మనిషికి మెడ పట్టేసి ఉంటుంది అన్నా. ఒక జండూబామ్ కొనివ్వు.

కాంటా_దగ్గర
అడ్తి (కమీషన్ ఏజెంటు) దుకాణంలో గుమస్తాగా చేస్తున్నా, కాబట్టి లోపలి సంగతి చెప్తా. పేపర్లో రోజూ వచ్చేది జెండా పాట రేటు. పొద్దున యార్డులో అందరిముందు మంచి సరుకున్న లాట్‌కు పాడే రేటు అది. ఆ తర్వాత మిగతా బస్తాలకు నాణ్యతను బట్టి కిందికి దిగుతుంది, కొన్నిసార్లు బాగా దిగుతుంది. ఊళ్లో రైతు మాత్రం జెండా పాట చూసి బండి కడతాడు. తీరా తక్‌పట్టీ చేతికొచ్చాక మా మీద అరుస్తాడు.

తక్‌పట్టీలో ఏముంటాయో తెలుసా? రైతు పేరు, ఊరు, అడ్తి పేరు, ఖరీదుదారు, బస్తాలు, తూకం, రేటు, కోతలు. అసలు ధర ఉండేది ఈ కాగితంలోనే. ఒక రోజు కాగితాలన్నీ పేర్లు తీసేసి ఒక పట్టికలో పెడితే ఆ రోజు మార్కెట్ ఎలా నడిచిందో ఎవరికైనా తెలిసిపోతుంది. జెండా పాట ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు.

హన్మకొండ_కోడర్
@కాంటా_దగ్గర మాకు కావలసింది సరిగ్గా అదే. యార్డులను ఆన్‌లైన్‌లో కలిపే కేంద్ర ప్రభుత్వ వేదిక ఈ-నామ్ 2016 ఏప్రిల్ 14న మొదలైంది. అందులో లాట్ నంబరు, బస్తాలు, బిడ్లు నేరుగా కంప్యూటర్‌లోకే వెళ్తాయి. అంటే డేటా పుట్టడమే డిజిటల్‌గా పుడుతోంది. బయటికి వచ్చేసరికి కాగితం అయిపోతోంది.

@నర్సంపేట_రైతు అన్నా, మీ పేరు, ఊరు మాకు అక్కర్లేదు. రేటు, తూకం, రకం, తేదీ చాలు.

కరీంనగర్_వకీల్
ఇక్కడ మూడు రకాల డేటాను ఒకే గంపలో వేస్తున్నారు. విడదీసి చూద్దాం.

మొదటిది, మనిషి ఎవరో గుర్తుపట్టగలిగే డేటా. పేరున్న తక్‌పట్టీ, బ్యాంకు ఖాతా, ఆసుపత్రి రిపోర్టు లాంటివి. వీటికి 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఉంది. దాని నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. కంపెనీల మీద ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు పెట్టారు. రెండోది, ప్రభుత్వం దగ్గరున్న, మనుషులతో సంబంధం లేని డేటా. వాన, ధరలు, రోడ్లు, నేల. మూడోది, ప్రైవేటు కంపెనీ తన యంత్రాలతో, తన గోదాముల్లో పోగుచేసుకున్నది.

మొదటి దాంట్లో పెద్ద లోటు ఒకటి ఉంది. 2019 బిల్లులో "నా డేటాను నాకు, లేదా నేను చెప్పిన మరో కంపెనీకి, కంప్యూటర్ చదవగలిగే రూపంలో ఇవ్వాలి" అనే హక్కు ఉండేది. 2023 చట్టంలో అది లేదు. చూసుకోవచ్చు, సరిదిద్దించుకోవచ్చు, తీసేయించుకోవచ్చు. మరో కంపెనీకి తీసుకుపోయే హక్కు మాత్రం రాయలేదు. పోటీ పెరగాలంటే అన్నిటికంటే ముఖ్యమైన హక్కు అదేనని నా అభిప్రాయం.

నర్సంపేట_రైతు
వకీల్ సాబ్, కొంచెం మా భాషల చెప్పండి.

కరీంనగర్_వకీల్
2011 జనవరి 20 నుంచి దేశమంతా నంబరు మార్చకుండా సిమ్ కంపెనీ మార్చుకునే వీలు వచ్చింది కదా. అంతకుముందు సిగ్నల్ లేకపోయినా, నంబరు పోతుందని అదే కంపెనీని పట్టుకుని ఉండేవాళ్లం. ఆ నియమం వచ్చాక "పోతాడేమో" అనే భయం కంపెనీకి పట్టుకుంది. ఇప్పుడు మీరు ఒక యాప్‌లో మూడు సీజన్ల పంట లెక్క రాసుకున్నారనుకోండి. వేరే యాప్ బాగుంది, కానీ పాత లెక్క అక్కడికి రాదు. ఇక మీరెక్కడికి పోతారు?

నర్సంపేట_రైతు
ఇప్పుడు అర్థమైంది. అట్లయితే నేను కూడా ఆ హక్కు కావాలనే అంటా.

బ్యాంక్_అక్క
@కరీంనగర్_వకీల్ చెప్పిన హక్కు చట్టంలో లేకపోయినా, డబ్బు లెక్కల వరకు మనకు అలాంటి ఏర్పాటు నడుస్తోంది. అకౌంట్ అగ్రిగేటర్. రిజర్వ్ బ్యాంకు 2016లో నియమాలు రాసింది, 2021 సెప్టెంబరులో బ్యాంకులతో నడక మొదలైంది. మధ్యలో ఉండే అగ్రిగేటర్ మీ స్టేట్‌మెంట్ చదవలేదు, తాళం వేసిన సంచిని ఇటు నుంచి అటు చేర్చడమే దాని పని. ఎవరికి, ఎందుకు, ఎన్నాళ్లకు అనేది మీ అనుమతిలోనే ఉంటుంది. వద్దనుకుంటే వెనక్కి తీసుకోవచ్చు. 2022 నుంచి జీఎస్టీ రిటర్నులు కూడా ఇందులో చేరాయి.

మా బ్రాంచికి ఒక పిండిమర ఆయన వచ్చారు. తాకట్టు పెట్టడానికి ఏమీ లేదు. అంతకుముందు అలాంటి వాళ్లను "ఆస్తి కాగితాలు తెండి" అని పంపించేవాళ్లం. ఆయన ఫోన్‌లో అనుమతి ఇస్తే ఏడాది లావాదేవీలు నిమిషాల్లో తెరమీదకొచ్చాయి. రోజూ చిన్న చిన్న మొత్తాలు, ఒక్క వారం కూడా ఖాళీ లేదు. లోన్ మంజూరైంది. ఇల్లు, పొలం లేనివాడికి వ్యాపారం లెక్కే హామీ అయింది. డేటా నియమం ఉపాధిని ఎలా పెంచుతుందని ఎవరైనా అడిగితే నేను ఆయన్నే చూపిస్తా.

ఇంకో ముఖ్యమైన విషయం. 2023 అక్టోబరులో రిజర్వ్ బ్యాంకు ఒక మార్పు తెచ్చింది. తన కింద ఉన్న సంస్థ ఏదైనా ఈ ఏర్పాటులో డేటా తీసుకునేదిగా చేరితే, తన దగ్గరున్న డేటా ఇచ్చేదిగా కూడా చేరి తీరాలి. అందరి దగ్గరా తీసుకుని తన తలుపు మూసుకోవడం కుదరదు. పంటల డేటాకు కూడా ఈ ఒక్క నియమం పెడితే సగం గొడవ తీరుతుంది.

ఏసీ_గోదాం
మీరంతా ఒకవైపే మాట్లాడుతున్నారు. నాది మిర్చి కోల్డ్ స్టోరేజీ. లోన్ తెచ్చి కట్టాను, కరెంటు బిల్లు నేను కడుతున్నాను. నా దగ్గర ఎన్ని బస్తాలున్నాయి అనేది నా వ్యాపారం. అది రేపు వెబ్‌సైట్లో పెట్టమంటే పక్క గోదాం వాడు నా అద్దె కంటే తక్కువ చెప్పి నా రైతులను లాక్కుంటాడు. వ్యాపారులు స్టాక్ ఎక్కువుందని చూసి రేటు దించుతారు. అప్పుడు నష్టపోయేది రైతే. ఇది ఎవరికి మేలు?

కాంటా_దగ్గర
@ఏసీ_గోదాం సార్, పెద్ద ఖరీదుదారులకు ఏ ఏసీలో ఎన్ని బస్తాలున్నాయో ఇప్పుడు తెలియదంటారా? పది ఫోన్లు చేస్తే సాయంత్రానికి తెలిసిపోతుంది. మా దుకాణంలో రోజూ చూస్తాను. తెలియనిది రైతుకూ, ఈ హన్మకొండ తమ్ముడికీ మాత్రమే.

హన్మకొండ_కోడర్
నాకు ఒక్కో గోదాం లెక్క వద్దు సార్. మండలం మొత్తం కలిపి చెప్పినా సరిపోతుంది.

ఏసీ_గోదాం
మా మండలంలో ఉన్నవి రెండే గోదాములు. మొత్తం చెప్తే పక్కవాడు తన లెక్క తీసేసుకుంటాడు, మిగిలింది నాది. ఇంకేం దాగుతుంది?

పరకాల_పిల్లగాడు
ఏసీ సార్ లెక్కల్లో గట్టి.

ఎన్‌ఐటీ_అక్క
@ఏసీ_గోదాం గారి అభ్యంతరం చాలా సరైనది. గణాంకాల వాళ్లకు ఇది పాత సమస్యే, దానికి పద్ధతులున్నాయి. పట్టికలో ఒక గడి కింద మూడు కంటే తక్కువ సంస్థలుంటే ఆ అంకె బయటపెట్టరు, పక్క మండలంతో కలిపేస్తారు. ఒకే పెద్ద సంస్థ మొత్తంలో ఎక్కువ భాగం ఆక్రమించినా అంతే. మన గణాంక సేకరణ చట్టం 2008లో కూడా సమాచారం ఇచ్చినవాళ్ల వివరాలు బయటపడకూడదనే రక్షణ ఉంది.

అమెరికా వ్యవసాయ శాఖ నెలనెలా "కోల్డ్ స్టోరేజ్" పేరుతోనే ఒక నివేదిక ఇస్తుంది. శీతల గోదాముల్లో వెన్న, చీజ్, మాంసం, గడ్డకట్టించిన పండ్లు ఎంతెంత ఉన్నాయో అందులో ఉంటుంది. ఏ గోదాం దగ్గర ఎంతన్నది ఉండదు. అది అందరికీ ఒకే రోజు, ఒకే సమయానికి విడుదలవుతుంది. నాకు ఇక్కడ ముఖ్యంగా అనిపించేది ఆ చివరి మాటే. ఒకరికి ముందు, ఒకరికి తర్వాత తెలియడం వల్లే పోటీ చెడిపోతుంది. మన దగ్గర పదిహేను రోజులకోసారి, ఉమ్మడి వరంగల్ మొత్తానికి కలిపి ఒక అంకె ఇచ్చినా రైతు చేతికి ఇప్పుడు లేనిది వస్తుంది.

ఉచితంగా ఇస్తే ఎవరికి లాభం అని అడిగేవాళ్లకు ఇంకో ఉదాహరణ. అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రం ఒక్కోటి 2008కి ముందు సుమారు 600 డాలర్లు. అప్పుడు ఒక విద్యార్థి వరంగల్ జిల్లా పంటను ఇరవై ఏళ్ల వెనక్కి చూడాలంటే ఆశ వదులుకోవాల్సిందే. 2008లో మొత్తం ఉచితం చేశారు. మా ల్యాబులో పత్తి మీద పనిచేసే పిల్లలు ఇవాళ పొద్దున డౌన్‌లోడ్ చేసి సాయంత్రానికి మ్యాపు గీస్తున్నారు. జీపీఎస్ కూడా అంతే. పౌరుల సిగ్నల్‌ను కావాలని చెడగొట్టే పద్ధతిని 2000 మే మొదట్లో ఆపేశారు. ఆ తర్వాతే మనం ఇవాళ వాడే దారి చూపే యాప్‌లకు బాట పడింది. మన దేశంలో 2021 ఫిబ్రవరి 15న మ్యాపుల నియమాలు సడలించారు. భారతీయ కంపెనీలు మ్యాపు తయారీకి ముందస్తు అనుమతి తీసుకోవాల్సిన పని తప్పింది.

ఏసీ_గోదాం
ఉమ్మడి జిల్లా మొత్తం కలిపి, పదిహేను రోజులకోసారి అంటే ఆలోచించవచ్చు. మండలం వారీగా అంటే మాత్రం ఒప్పుకోను.

హుజూరాబాద్_హార్వెస్టర్
గోదాములు సరే, మా యంత్రాల మాటేంది? కిస్తీల మీద హార్వెస్టర్ కొన్నా. ఎన్ని గంటలు తిరిగింది, ఎన్ని ఎకరాలు కోసింది, డీజిల్ ఎంత తాగింది, ఏ పార్ట్ వేడెక్కుతుంది అన్నీ దాంట్లో ఉన్న పెట్టె కంపెనీకి పంపుతుంది. నా ఫోన్‌లో కనిపించేది కొంతే. మంచి సీజన్‌లో బండి ఆగింది. మా ఊరి మెకానిక్ చెయ్యి తిరిగినోడు, కానీ ఏ కోడ్ తప్పు చూపిస్తుందో చదవడానికి సాఫ్ట్‌వేర్ లేదు. కంపెనీ మనిషి వచ్చేదాకా చెట్టుకింద కూర్చున్నా. ఆ పక్కన వరి ఒరిగిపోతోంది, రైతులు వేరే బండి మాట్లాడుకున్నారు. నా బండి, నా డీజిల్, నా గంటలు. లెక్క మాత్రం వాళ్లదా?

కరీంనగర్_వకీల్
@హుజూరాబాద్_హార్వెస్టర్ మీ ప్రశ్నకు యూరప్‌లో సమాధానం రాసేశారు. అక్కడి డేటా చట్టం 2024 జనవరిలో అమల్లోకి వచ్చింది, 2025 సెప్టెంబరు 12 నుంచి వర్తిస్తోంది. ట్రాక్టరు, కారు, ఫ్రిజ్ ఏదైనా సరే, వాడేవాడి వాడకం వల్ల పుట్టిన డేటా వాడేవాడికి అందాలి. అతను కోరితే మెకానిక్‌కో, మరో కంపెనీకో ఇవ్వాలి. తీసుకున్నవాడు ఆ డేటాతో పోటీ ట్రాక్టరు తయారు చేయకూడదు, కాబట్టి తయారీదారు పెట్టుబడికి రక్షణ ఉంది. చిన్న కంపెనీ తీసుకుంటే, డేటా ఇవ్వడానికి అయిన ఖర్చుకు మించి వసూలు చేయకూడదు. గేట్‌కీపర్లని ప్రకటించిన అతిపెద్ద టెక్ కంపెనీలు ఈ దారిలో డేటా తీసుకోవడానికి వీల్లేదు.

నిజామాబాద్_పసుపు
యూరప్ పేరు చెప్పగానే చప్పట్లు కొట్టకండి. నేను పసుపు పొడి యూనిట్ నడుపుతున్నా, కొంత ఎగుమతి చేస్తా. అక్కడి కాగితాల బరువు నాకు తెలుసు. ప్రతి డేటాకూ ఒక ఫారం, ప్రతి ఫారానికీ ఒక కన్సల్టెంట్. పెద్ద కంపెనీ లీగల్ టీమ్‌ను పెట్టుకుంటుంది, చిన్నవాడు చేతులెత్తేస్తాడు. రెండో మాట, అందరికీ ఉచితం అన్న డేటాను ముందుగా, ఎక్కువగా వాడుకునేది ఎవరు? సర్వర్లు, ఇంజినీర్లు ఉన్న పెద్దవాళ్లే. హన్మకొండ తమ్ముడికి తలుపు తెరుస్తున్నామని అనుకుంటాం, లోపలికి ముందు పోయేది వాళ్లే.

హన్మకొండ_కోడర్
@నిజామాబాద్_పసుపు అన్నా, రెండో మాటతో ఒప్పుకోను. పెద్దవాళ్ల దగ్గర ఆ డేటా ఇప్పటికే ఉంది, డబ్బు పెట్టి పోగుచేసుకున్నారు. తెరిస్తే వాళ్లకు కొత్తగా కలిసొచ్చేది తక్కువ, మాకు కలిసొచ్చేది చాలా ఎక్కువ. మన వరంగల్ రకం చపాటా మిర్చి సంగతే చూడండి. 2025లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అనే) గుర్తింపు వచ్చింది. కారం తక్కువ, రంగు ఎక్కువ, దాని కొనుగోలుదారులే వేరు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చున్న పెద్ద కంపెనీ దాన్ని "మిర్చి, ఇతరం" అనే గడిలో వేస్తుంది. దాని కోసం ప్రత్యేకంగా కూర్చుని పనిచేసేది ఇక్కడివాళ్లమే. డేటా ఉంటే ఆ పని మాకు దొరుకుతుంది.

కాగితాల బరువు సంగతి మాత్రం నిజం. నియమం ఒక పేజీలో అర్థం కాకపోతే మాకూ పనికిరాదు.

కరీంనగర్_వకీల్
ఆ యూరప్ చట్టంలో చిన్న తయారీదారులకు డేటా ఇచ్చే బాధ్యత నుంచి మినహాయింపు ఉంది @నిజామాబాద్_పసుపు. అయితే మీరన్న కన్సల్టెంట్ల బెడద నేనూ కాదనను. మన దగ్గర కూడా 2020లో కేంద్రం వేసిన క్రిస్ గోపాలకృష్ణన్ కమిటీ వ్యక్తిగతం కాని డేటా మీద నివేదిక ఇచ్చింది. వ్యాపార అవసరాలకు కంపెనీలు ఒకరికొకరు ఇచ్చుకోవాలన్న ఆలోచన మొదటి ముసాయిదాలో ఉండేది. ఆ ఏడాది చివర్లో సవరించినప్పుడు దాన్ని తీసేసి, ప్రజా ప్రయోజనానికే పరిమితం చేశారు. అది కూడా చట్టం కాలేదు.

పాత_సెక్షన్_సూపరింటెండెంట్
ఆఫీసులో చాలాకాలం పనిచేసి దిగాను, అటువైపు నుంచి కూడా వినండి. అధికారి డేటా ఎందుకివ్వడు? ఇస్తే మెచ్చుకునేవాడు లేడు, ఏదైనా తప్పు జరిగితే మెమో మాత్రం వస్తుంది. కొత్త చట్టంలో జరిమానా 250 కోట్ల వరకు ఉందని విన్నాక ఎవరైనా "పైనుంచి ఉత్తర్వు తెండి" అనే అంటారు. ఏది ఇవ్వవచ్చో, ఏది ఇవ్వకూడదో స్పష్టంగా రాసిన జాబితా ఉంటే అదే అధికారి ధైర్యంగా ఇస్తాడు. నియమం అడ్డుకోవడానికే అనుకోకండి. ఇచ్చేవాడికి అది రక్ష.

మన రాష్ట్రంలో పునాది లేకపోలేదు. 2016లోనే ఓపెన్ డేటా పాలసీ వచ్చింది, పోర్టల్ ఉంది. రాష్ట్రంలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. ఏ మండలంలో ఎంత వాన పడిందో పిల్లలు ఫోన్‌లోనే చెప్పేస్తున్నారు, ఆ లెక్కల మీద సొంతంగా అంచనాలు చెప్పే కుర్రాళ్లు తయారయ్యారు. 2023 ఆగస్టులో వ్యవసాయ డేటా ఎక్స్ఛేంజ్, ఏడెక్స్, మొదలైంది. ప్రపంచ ఆర్థిక వేదిక, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి పనిచేశాయి, మొదట ఖమ్మం జిల్లాను తీసుకున్నారు. దానితోపాటే రైతు అనుమతి ఎలా తీసుకోవాలో చెప్పే నియమావళి కూడా తెచ్చారు. అంటే ఇవాళ మీరడుగుతున్నది కొత్త కోరిక కాదు. ఉన్నదాన్ని మిర్చి, పత్తి యార్డుల దాకా తీసుకురమ్మని అడగండి.

ఒక హెచ్చరిక కూడా ఉంది. 2019 మార్చిలో కేంద్ర రవాణా శాఖ బండ్ల రిజిస్ట్రేషన్, లైసెన్సుల డేటాను మొత్తంగా అమ్మే పాలసీ తెచ్చింది. వాణిజ్య సంస్థకు ఏడాదికి 3 కోట్లు. ఆలోచించండి, 3 కోట్లు పెట్టగలిగే స్టార్టప్ ఏది? అటు ప్రజల గోప్యతకూ భరోసా లేకపోయింది. 2020 జూన్‌లో దాన్ని రద్దు చేశారు. ధర ఎక్కువ పెట్టి, జాగ్రత్త తక్కువ తీసుకుంటే రెండువైపులా నష్టమే.

బ్యాంక్_అక్క
సార్ చెప్పిన 3 కోట్ల ముచ్చట చాలామందికి తెలియదు. మంచి పాయింట్.

నర్సంపేట_రైతు
అందరూ చెప్పింది చదివిన. నా మాట ఒకటే. నా తక్‌పట్టీ లెక్క నా ఫోన్‌కు రావాలె, ఫొటో కాదు, లెక్కగనే. దాన్ని నేను బ్యాంకుకు ఇస్తనా, ఈ తమ్మునికి ఇస్తనా నా ఇష్టం. పేరు తీసేసి అందరిది కలిపి పెడతమంటే పెట్టుకోండి, దానితోని నాక్కూడా పక్క ఊరోడికి ఎంత పడ్డదో తెలుస్తది. కౌలు రైతుల సంగతి మాత్రం మర్వకుండ్రి. పట్టా లేనోడి పంట లెక్కలనే లేకపోతే, రేపు అన్నీ లెక్క చూసే ఇస్తమన్నప్పుడు వాడు ఎక్కడికి పోవాలె?

బ్యాంక్_అక్క
@నర్సంపేట_రైతు అన్నా, కౌలు రైతుకే ఇది ఎక్కువ అవసరం. పట్టా లేకపోయినా అతని పేరు మీద మూడేళ్ల తక్‌పట్టీలు కంప్యూటర్‌లో ఉంటే, పిండిమర ఆయనకు జరిగినట్టే అతనికీ జరగవచ్చు. ఇప్పుడు చాలాచోట్ల సరుకు భూయజమాని పేరు మీదే అమ్ముడుపోతుంది. అక్కడ మారాలి.

కాంటా_దగ్గర
అది నిజం అక్కా. పైసలు పడే ఖాతా ఎవరిదైతే పేరు కూడా వాళ్లదే రాస్తాం. పండించినవాడి పేరుకు ఇంకో గడి పెట్టమంటే మాకేం కష్టం లేదు, ఒక్క లైనే.

ఎన్‌ఐటీ_అక్క
అయితే అడగాల్సింది ఇప్పుడే రాసుకుందాం. తేదీ, రకం, గ్రేడు, తేమ, బస్తాలు, తూకం, రేటు, ఈ గడులు రోజూ సాయంత్రం పేర్లు లేకుండా, కంప్యూటర్ చదివే ఫైలుగా, ఉచితంగా. రకాల పేర్లకు అన్ని యార్డుల్లో ఒకటే పట్టిక. రైతుకు, పండించినవాడికి వాళ్ల సొంత కాపీ. డేటా తీసుకుని వ్యాపారం చేసే కంపెనీ తను పోగుచేసిన ధరలు కూడా తిరిగి ఇవ్వాలి, బ్యాంకులకు ఉన్నట్టే.

హన్మకొండ_కోడర్
చివరిది మాకూ వర్తిస్తుంది కదా అక్కా. ఒప్పుకుంటున్నా. మేం టైప్ చేయించిన ఐదేళ్ల ధరల పట్టికను ఈ వారమే అందరికీ పెడతాను. వాడుకోండి, తప్పులుంటే చెప్పండి.

నిజామాబాద్_పసుపు
పసుపుకు కూడా గడులు కావాలి. కొమ్ము, మండ వేరువేరుగా, పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ శాతం కూడా. కొనేవాడు మొదట అడిగేది అదే.

ఏసీ_గోదాం
గోదాముల స్టాక్ సంగతి ఆ కాగితంలో రాసేటప్పుడు ఉమ్మడి జిల్లా మొత్తం, పదిహేను రోజులకోసారి అని స్పష్టంగా రాయండి. అలాగైతే మా అసోసియేషన్‌లో నేనే మాట్లాడతా. అందరూ ఒప్పుకుంటారని చెప్పలేను.

హుజూరాబాద్_హార్వెస్టర్
యంత్రాల లెక్క కూడా కలపండి. వరి కోతలు మొదలైతే నేను ఇటు రాను, ఇప్పుడే చెప్తున్నా.

కరీంనగర్_వకీల్
యంత్రాలది కేంద్రం చేయాల్సిన చట్టం, దానికి వేరే అర్జీ రాస్తాను. యార్డులది మార్కెటింగ్ శాఖ ఉత్తర్వుతోనే అవుతుంది. ముసాయిదా రేపు రాత్రికి ఇక్కడే పెడతా, తెలుగులో, ఒక పేజీలో.